గాలివాన కథయందలి మృత్యువు, దాని నిరాకరణము

పాలగుమ్మి పద్మరాజుగారు (1915–1983) రచించిన 'గాలివాన' కథ 1952లో న్యూయార్కు హెరాల్డు ట్రిబ్యూన్ పత్రికవారు నడపిన ప్రపంచ కథానికల పోటీయందు ద్వితీయ బహుమతి నందినది మొదలు తెలుగునాట దానిని బొగడని విమర్శకు డరుదు. ఆ పేరి కథాసంపుటికే 1985లో, రచయిత గతించిన పిదప, కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఇన్ని పొగడ్తలలోను బ్రధానముగా వినబడు మాట యొకటి: ఇది నియమబద్ధమైన నీతిపై మానవత్వము గెలిచిన కథ యని. ఆ మాట తప్పు గాదు, కాని చాలదు. కథ చివర నొక శవమున్నది. ఆ శవమును దాటి మానవత్వమును బొగడబోవుట, ప్రకృతిని విడిచి ప్రత్యయమునకు మాత్రమే యర్థము చెప్పబూనుట వంటిది.

భావనపాడు మొదలైన యుద్దానపు తీరగ్రామములలో నీ కథను జదువువారికి, దాని పేరు వినగానే పుట్టు భావము వేఱు. ఉద్యానశబ్దమునుండి పుట్టినదని చెప్పబడు ఆ యుద్దానము కొబ్బరితోటలకును జీడితోటలకును బుట్టినిల్లు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ యను తుపాను పలాసకు జేరువలో దీరము దాటినది. గంటకు 140 మొదలు 150 కిలోమీటరుల వేగముతో వీచిన యా గాలికి, తాతలు నాటిన చెట్లు మనుమల కన్నులయెదుట నేలకొఱగినవి. కొబ్బరిమొక్క నాటినవాడు దాని కాపు చూడవలెనన్న నేండ్లు పట్టును గదా! అటువంటి తీరమున గాలివాన యన్నది రసపోషకమైన యుద్దీపనవిభావము మాత్రమే కాదు; ఆశ్వయుజ కార్తికములలో నే యేటనైనను వచ్చి తలుపు తట్టగల చుట్టము. గాలి నిలిచిన మఱునాడు పడవలను, మనుష్యులను లెక్కించుకొనుచు నచటివారు మొదట నడుగునది 'ఎవరు పోయిరి?' అని. నీతి గెలిచినదా, మానవత్వము గెలిచినదా యను ప్రశ్న పిమ్మటిది. (ఊరి పేరి చివర నున్న 'పాడు' గ్రామవాచకమే గాని శిథిలవాచకము గాదు. తుపాను పిదప రెండర్థములును బొసగినట్లు తోచినచో నది శబ్దదోషము గాదు, గాలిదోషము.) ఈ కథను శవమునుండి వెనుకకు జదువుట కటువంటి తీరమే తగిన చోటు.

కథావస్తువు ప్రసిద్ధమైనను విచారణకు వలసినంత మట్టుకు జెప్పవలసియున్నది. రావుగారు పేరుగన్న న్యాయవాది; ఆస్తి గడించినవారు; భార్యాబిడ్డలను దాము గీచిన గీతమీద నడపించుకొన్నవారు; వయసు యాబదికి జేరువ. ఒక యాస్తికసమాజమువారి సభలో నుపన్యసించుటకై పొగబండిలో బయలుదేఱుదురు. దారిలో గాలివాన మొదలగును. బండిలో నొక బిచ్చగత్తె చేయి చాచినపుడు రావుగా రేమియు నీయరు. బిచ్చమిడుట వారి సిద్ధాంతమునకు విరుద్ధము. దిగవలసిన స్టేషనులో దిగిన పిదప, ఆ వానలో నాహ్వానించినవా రెవ్వరును వచ్చి కలిసికొనరు. ప్రయాణికుల విశ్రాంతిగదిలో నొంటరిగా గూర్చుండగా గాలి తలుపులతో బోరాడి గెలుచును. అంతట నా బిచ్చగత్తెయే యా గదికి వచ్చి, భయముతోను జలితోను వడకుచున్న యా పెద్దమనిషిని దన యొంటి వెచ్చదనముతో నూఱడించును. తెల్లవాఱినపుడు చూడగా నామె లేదు. వారి డబ్బుసంచియు లేదు. టిక్కెట్లు అమ్ము గదికడ, కూలిపడినవాని నడుమ, ఆమె చచ్చిపడియుండుట రావుగారు చూతురు. ఒకచేత వారి సంచి, రెండవచేత టిక్కెట్ల గదిలోని సొమ్ము. రావుగారు పసిబిడ్డవలె నేడ్తురు. సొమ్మును సొరుగులో జేర్చుదురు. సంచిని దీసికొన మనసొప్పక, దానిలోని తమ పేరుగల చీటిని మాత్రము తీసికొందురు. ఇంతియే కథ.

ఇందు మృత్యునిరాకరణ మెచ్చట నున్నది? రావుగా రెన్నడును 'చావు లేదు' అని యనలేదు. అట్లనువాడు లోకముననే లేడు. కావున నిరాకరణమను మాటనే మొదట విడదీసి చూడవలెను. వైయాకరణులు నిషేధమును బ్రసజ్యప్రతిషేధమని, పర్యుదాసమని రెండు తెగలుగా జెప్పుదురు. నఞ్ క్రియతో నన్వయించినచో మొదటిది; అది వస్తువును బూర్తిగా ద్రోసివేయును. నామముతో నన్వయించినచో రెండవది. అది వస్తువును ద్రోసివేయదు, దానికంటె వేఱై దానివంటిదగు మఱొక్కదానిని జూపును. అబ్రాహ్మణుని బిలుచుకొనిరమ్మన్నచో మట్టిగడ్డను దెచ్చువాడు లేడు. బ్రాహ్మణుడు గాని మనుష్యునే తెచ్చును. మనుష్యులు మృత్యువును నిరాకరించుట యెల్ల నీ రెండవ తెగకు జేరినది. 'చావు లేదు' అని గాదు, 'చచ్చువాడు నాకంటె వేఱైనవాడు' అని. చావున్నది, ఐతే అది పొరుగింటిది. భారతమున యక్షుడు, ఏది యాశ్చర్యమని యడిగినపుడు ధర్మరాజు చెప్పిన సమాధానమునకు గీలక మిదియే: దినదినమును బ్రాణులు పోవుచుండగా మిగిలినవారు తాము నిలుతుమని కోరుట. ఆశ్చర్యము చూడకపోవుటలో లేదు. చూచుచునే తన్ను వేఱుచేసికొనుటలో నున్నది.

ఈ సందర్భమున శబ్దశాస్త్రమందలి యొక చిన్న విశేషము మనసునకు దట్టును. ప్రాణత్యాగార్థకమైన మృఙ్ ధాతువు ఙిత్తే యైనను అన్నిచోట్ల నాత్మనేపదము గాదు. అష్టాధ్యాయి మొదటి యధ్యాయము మూడవ పాదమున 61వ సూత్రము దానిని గొన్ని చోట్లకే నియమించినది. అందుచే వర్తమానమున 'మ్రియతే' యని యాత్మనేపదము. భవిష్యత్తున 'మరిష్యతి' యని పరస్మైపదము. కంటికి గానరాని గతమును దెలుపు లిట్టున 'మమార' యని పరస్మైపదమే. ఆత్మనేపదమనగా దనకైన పదము. పరస్మైపదమనగా బరునికైన పదము. సూత్రకారుని యుద్దేశము రూపనిర్ణయమే గాని వేదాంతము గాదు. దానినుండి తత్త్వము పిండబూనుట శాస్త్రమునకు ద్రోహము. ఐనను రూపములు లోకస్వభావమునకు సరిపోవుట చూచి సంతసించుటకు దోషము లేదు. ఱేపటి చావు పరునిది, చూడని నిన్నటి చావును బరునిదే, ఇప్పుడు జరుగుచున్న చావొక్కటియే తనది. రావుగారు యాబదియేండ్లు పరస్మైపదమున బ్రదికి యొక్క రాత్రి యాత్మనేపదమున బడిరి.

ఆ పరస్మైపదజీవితమును గథకుడు వర్ణించిన తీరు చూడదగినది. రావుగారి నియమము లన్నియు మేలైనవే. క్రమము తప్పని దినచర్య, కుటుంబముపై నదుపు, విలువలయెడ నిష్ఠ, వీనిలో నిందింపదగిన దొక్కటియు లేదు. పద్మరాజుగారు వారిని గపటిగా జిత్రింపలేదు. అట్లు చిత్రించియుండిన కథ సులువయ్యెడిది, చిన్నదియు నయ్యెడిది. రావుగారు నమ్మినదే యాచరించువారు. ఐతే ఆ నియమములు చేయు పని యొకటి వారికి దెలియదు. ఇంటిలో బ్రతివస్తువునకు నొక చోటు, ప్రతి గంటకు నొక పని, ప్రతి మనుష్యునకు నొక దూరము ఏర్పఱచినపుడు, చోటు లేని వస్తువొకటి లోనికి రాజాలదను ధైర్యము పుట్టును. ఆ చోటులేని వస్తువు చావు. బిచ్చగత్తెయు నట్టిదే, అందుచేతనే బండిలో వారామెను గాదన్నది లోభముచేత గాదు. ఆమె వారి వ్యవస్థలో నిమిడినది గాదు. కథకుడీ రెండింటి నొక్క రాత్రి యొక్క గదిలోనికి దెచ్చుట యాదృచ్ఛికము గాదు.

రష్యాదేశీయుడైన టాల్‌స్టాయి 1886లో ప్రకటించిన 'ఇవాన్ ఇల్యిచ్ మరణము' ఈ విషయమున దలపునకు రాకమానదు. అందలి నాయకుడును న్యాయవ్యవస్థకు సంబంధించినవాడే, క్రమమును బ్రేమించినవాడే. తర్కగ్రంథమున గేయస్సను వాడొకడు మనుష్యుడు గావున మర్త్యుడని చదివి, ఆ యనుమానము గేయస్సుకు జెల్లును గాని తనకు జెల్లదని యాతడు మథనపడును. మన తార్కికుల భాషలో జెప్పవలెనన్న, వ్యాప్తి యంగీకృతమే, పక్షధర్మతయే యనంగీకృతము. తక్కినవారందఱు నాతనియెదుట చావు మాట యెత్తక యబద్ధమాడుచుండగా గెరాసిమ్ అను సేవకు డొక్కడు మాత్రము దాపఱికములేక యాతని కాళ్ళు పట్టి యూఱట కలిగించును. ఇచ్చట బిచ్చగత్తె చేసిన పనియు నదియే. కాని యొక గొప్ప భేదమున్నది. అచ్చట నిరాకరించినవాడు చచ్చును, ఆదుకొన్నవాడు బ్రదుకును. ఇచ్చట నిరాకరించినవారు బ్రదుకుదురు, ఆదుకొన్న యామె చచ్చును. ఈ తాఱుమాఱువలననే కథకు బలమును వచ్చినది, చిక్కును వచ్చినది.

బలమెట్లనగా: ఆ రాత్రి రావుగారికి జావు తమదిగా మొదటిసారి తోచినది. కప్పు మీద గాలి, తలుపుల చప్పుడు, మనుష్యసహాయము లేని చీకటి, వీనిలో వారి పేరు, ప్రతిష్ఠ, ఉపన్యాసము నొక్క గవ్వయు జేయవు. సభలో జెప్పవలసిన యాస్తిక్యమునకు వారి నోట నా రాత్రి మాటలు దొరకలేదు. చుట్టుకొనుటకు నొక యొడలు దొరకినది. ఆమెయో! ఆమెకు గాలివాన క్రొత్త గాదు. ఆమె చావును నిరాకరింపలేదు, అంగీకరింపను లేదు. దానితో నామెకు దినమును జేయు పని యున్నది. వడకుచున్నవానిని బట్టుకొనుట యెంత సహజమో, అతడు నిద్రించినపుడు సంచి తీసికొనుటయు నామె కంత సహజము. ఒక్క చేత దయ, ఒక్క చేత దొంగతనము. కథ కడపట నామె రెండుచేతులలోను వస్తువులుంచుటలో గథకు డీ విషయమునే కంటికి గట్టించెను. ఆమెకు బరస్మైపదము లేదు; జీవితమంతయు వర్తమానమే.

ఇక మరణచిత్రణము. ఆలంకారికులు మరణమును ముప్పదిమూడు వ్యభిచారిభావములలో లెక్కించియు దానిని వర్ణించుటకు వెనుదీసిరి. ధనంజయుడు దశరూపకమున దక్కిన భావములకు లక్షణము చెప్పి, మరణము సుప్రసిద్ధమును ననర్థమును గావున జెప్పనని విడిచెను. జగన్నాథపండితుడు మరణమనగా బ్రాణము పోవుటకు బూర్వపు మూర్ఛావస్థయని సర్దెను. నాయకవధ రంగమున జూపరాదన్న నియమము ప్రసిద్ధమే. ఇదియు నొకవిధమైన నిరాకరణమే కదా యని యడుగవచ్చును. కొంతవఱకు నగును. తెలుగువాడుకయు నిట్టిదే: దీపమాఱినదనక కొండెక్కినదందుము, బియ్యమయిపోయినవనక నిండుకొన్నవందుము, చచ్చెననక పోయెనందుము. అమంగళాశ్లీలమును దప్పించు ఈ మర్యాద దుఃఖమున నున్నవారియెడ దయ; దానిని దూలనాడుట తగదు. అయినను, మర్యాదయు నిరాకరణమును నొక్క కుదుటినుండియే మొలచినవని గుర్తించుట విమర్శకుని విధి.

పద్మరాజుగా రీ పాతనియమమును దెలిసియో తెలియకయో పాటించిరి. ఆమె చావు రంగమున జరుగలేదు. ఎప్పుడు చచ్చెనో, అఱచెనో లేదో, సంచి తీసికొన్న యెంతసేపటికి గూలుడు జరిగెనో రావుగారికి దెలియదు, చదువరికిని దెలియదు. ఇది లిట్టు, పరోక్షము. ఆమె చావుచుండగా నిరాకరణమెల్ల గరగిపోయిన రావుగారు వెచ్చగా నిద్రించుచుండిరి! ఈ కథలోకెల్ల గఠోరమైన విషయ మిదియే. పొగడినవా రిచ్చట నిలువక యేడ్పువద్దకు బోయిరి. గాలి చల్లబడినది, భయము తీఱినది, మనసు మెత్తబడినది. ఆ మెత్తని మనసున కవతల, కొన్ని యడుగుల దూరమున, చావు తన పని ముగించుకొన్నది. తన చావును దెలిసికొనుట యొకటి, ఎదుటివారి చావును దెలిసికొనుట యింకొకటి యని కథ యా యెడముతోనే చెప్పుచున్నది.

దీనికి బూర్తిగా నెదురైన చిత్రణము శ్రీకాకుళసీమకు జెందిన కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' (1964) కథలో నున్నది. సుందరపాలెమున ఋణపు తగవు తీర్చు సభలో, తన కొడుకును బానిసగా బ్రదుకనీయజాలక సీతారాముడు చంపిన బిడ్డ కళేబరము సభవారి యెదుటికి వచ్చును. అచ్చట జావు పరోక్షము గాదు. ఎవరును దానిని దమకు సంబంధింపనిదని తప్పించుకొనజాలరు. గాలివానలో శవమును జూచినవారొకరే, ఆయన గుట్టు దాచినవారును నాయనయే. రెండును గొప్ప కథలే. రెండును బరస్పరవిరుద్ధములగు దారులు. నలుగురి యెదుట దింపిన శవమునకు సాక్షులు గలరు. టిక్కెట్ల గదిలోని శవమునకు సాక్షి యొక్కడే, ఆతడును నోరు విప్పనివాడు.

కొంద ఱీ మరణమును శిక్షగా జదివిరి: దొంగిలింపబోయి చచ్చినదని, కర్మ వెంటనే ఫలించినదని. కథను జదువుటలో నింతకంటె దూరమైన దారి లేదు. టిక్కెట్ల గదికి బోకున్న బ్రదికియుండెడిదన్నచో, విశ్రాంతిగదికి రాకున్నను బ్రదికియుండెడిదేమో. రైలెక్కకున్న మఱియు నిశ్చయముగా బ్రదికియుండెడిది. ఇట్లు కారణపరంపరను వెనుకకు లాగినచో బుట్టుటయే నేరమగును. తిత్లీ గాలికి గూలిన కొబ్బరిచెట్టు చేసిన పాపమేమని యుద్దానమున నెవరును వెదుకరు. గాలి తీర్పరి గాదు. శిక్షయని చదువుటయు సూక్ష్మముగా జూచిన నిరాకరణమే: ఆమె దోషిణి గావున జచ్చినది, నిర్దోషినగు నాకు భయములేదు. మొదట రావుగారు కట్టుకొన్న గోడనే యా విమర్శకులు మరల గట్టుచున్నారు.

చిక్కు మాటకు వత్తము. ఆమె చచ్చుట రావుగారికి ననుకూలమైనది. ఈ మాట కటువుగా వినబడును గాని విడువదగినది గాదు. ఆమె బ్రదికి, సంచితో నుదయపు బండి యెక్కిపోయినచో రావుగారి హృదయపరివర్తన మేమయ్యెడిది? మరల బిచ్చగత్తెల నిందించియుందురా? పోలీసులకు దెలిపియుందురా? నిజమైన పరీక్ష యచ్చట నుండెడిది. కథకు డా పరీక్షను మరణముతో దప్పించెను. చచ్చినవారిని క్షమించుట సులభము. వారు మరల దొంగిలింపరు. కథానికయందు గ్లుప్తతకై యిట్టి సౌకర్యములు చెల్లుబాటగును గాని, ఇది సౌకర్యమే యని చెప్పక విడుచుట న్యాయము గాదు. ఇది కథలోని కొఱత.

ఐనను కథకుడు దీనిని గొంత యెఱిగినవాడే యనుటకు గడపటి చీటి సాక్ష్యము. సంచి నామెకడ విడిచి, తమ పేరున్న చీటిని రావుగారు తీసికొనిరి. ఇది శ్లేషవంటి క్రియ. ఒకదారిని జూడగా, తనను మార్చిన యామెకు దన వస్తువొకటి మిగిల్చి, లోకమామెను దొంగయనకుండునట్లు చేసిన ప్రేమ. ఇంకొకదారిని జూడగా, చచ్చిన బిచ్చగత్తెయొద్ద రావుగారి సంచి యెట్లు వచ్చెనని నలుగు రడుగకుండునట్లు చేసికొన్న జాగ్రత్త. యాబదియేండ్ల క్రమశిక్షణ కన్నీటి నడుమను జేతివ్రేళ్ళను నడపినది. ఈ రెండర్థములలో నొకదానిని ద్రోసివేయుటకు గథలో బ్రమాణము లేదు. శ్లేషలో నొక యర్థమును గొట్టివేసినవాడు శ్లోకము చదువనివాడే. రావుగారు మాఱిరి, మాఱనులేదు. తమ చావు తమదని తెలిసికొన్న మనుష్యుడు తెల్లవాఱి తన పేరును జేబులో వేసికొని వెడలెను.

ఆ పేరు మాటయే చివరకు మిగులును. రావుగారి పేరు చీటిమీద నచ్చుపడియున్నది. ఆమెకు గథలో బేరే లేదు. బిచ్చగత్తె యను జాతివాచకమే. ఏడ్చిన రావుగారును నామె పేరడిగి యెఱుగరు. స్టేషనువా రామె నెట్లెత్తించిరో, ఎవరు నిప్పు పెట్టిరో, మట్టి పోసిరో, రావుగా రందులకైనను నిలిచిరో లేదో కథ చెప్పదు. సాహిత్యసభలలో నీ ప్రశ్న లేవదు. భావనపాడున నీ కథను బిగ్గఱగా జదివినచో, వినుచున్న ముసలమ్మ యెవరైనను మొదట నడుగునది యిదే యగును.